కాలేజీ చెట్టుకు కాయలెన్ని?

నూజివీడు పేరు చెబితే నోట్లో రసాలూరతాయి. అదే నూజివీడులో ఇప్పుడు వేలమంది పిల్లలు చదువుకుంటున్నారు. తోటల ఊరు చదువుల ఊరైతే ఏమవుతుంది? కాలేజీ ఆవరణలో మిగిలిన మామిడిచెట్టు దగ్గరికి వెళ్లి చూస్తే పుస్తకాల్లో లేని సంగతులు చాలానే కనిపిస్తాయి.

విజయవాడ నుంచి నూజివీడుకి రెండు దారులు. ఒకటి హైవే మీద గన్నవరం దాటి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి ఎడమకు తిరిగేది. రెండోది నున్న, ఆగిరిపల్లి మీదుగా పోయేది. తొందర లేనివాళ్లు రెండోదారినే వెళ్లాలి. నున్న మామిడి మార్కెట్ దగ్గర సీజన్లో బారులు తీరిన లారీలు, ట్రాక్టర్లు, గడ్డి పరుచుకుని కూర్చున్న గ్రేడింగ్ కూలీలు, పచ్చికాయ జీడివాసన... అక్కడినుంచే మామిడి రాజ్యం మొదలైపోతుంది. ఆగిరిపల్లిలో శోభనాచలుడి కొండ దాటాక నేల రంగు మారుతుంది. ఎర్రటి చెలకలు, వాటి మీద గొడుగులు విప్పినట్టు మామిడిచెట్లు. ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట... ఎటు తిరిగినా ఇదే దృశ్యం.

ఒకప్పుడు ఇక్కడ నువ్వుల చేలుండేవనీ, ఆ నువ్వుల మీదే ఊరికి పేరొచ్చిందనీ స్థానికులు చెబుతారు. నిజమో కాదో గానీ నువ్వుల ఆనవాళ్లు మాత్రం ఇప్పుడు లేవు. మేకా వారి సంస్థానం ఏలిన ఊరిది. ఊళ్లో ఇప్పటికీ అప్పారావుల పేరు వినపడుతూనే ఉంటుంది. ధర్మ అప్పారావు కళాశాల వాళ్ల పేరు మీదున్నదే. ఆ వంశానికే చెందిన మేకా రంగయ్య అప్పారావు 1970ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. జమీందారీ పోయింది, చదువు మిగిలింది. ఇంకొకటి కూడా మిగిలింది... వీణ. బొబ్బిలి వీణలాగే నూజివీడు వీణకూ పేరుంది. పనసకర్రతో చేస్తారు. ఒక చెట్టు పండుతో పేరు, ఇంకో చెట్టు కర్రతో పేరు తెచ్చుకున్న ఊరు మన దగ్గర ఇంకోటి ఉందేమో తెలిసినవాళ్లు చెప్పాలి!

జిల్లాల సంగతీ చెప్పాలి. తరాల తరబడి కృష్ణాజిల్లా ఊరని చెప్పుకున్న నూజివీడు 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పళ్లబుట్ట మీద పేరు మాత్రం మారలేదు. హైదరాబాద్‌లో అమ్మినా, చెన్నైలో అమ్మినా అవి ‘నూజివీడు రసాలే’.

రసాల గురించి ఇక్కడివాళ్లని కదిపితే మధ్యాహ్నం గడిచిపోతుంది. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం... వీటిని కత్తితో కొయ్యడం తప్పు. రెండు చేతుల మధ్యా మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, మొదట వచ్చే జీడి పిండేసి, ఆ తర్వాత నోటికి పెట్టుకోవాలి. మోచేతుల దాకా కారితేనే తిన్నట్టు. బంగినపల్లి అలా కాదు, అది కోత పండు. పేరేమో రాయలసీమలోని బనగానపల్లెది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే వచ్చింది. కానీ ఈ ప్రాంతపు తోటల్లో ఎక్కువగా కనిపించేది ఆ రకమే. జ్యూస్ ఫ్యాక్టరీల కోసం తోతాపురి వేస్తారు. ఇక్కడ దాన్ని ‘కలెక్టర్ కాయ’ అంటారు. సువర్ణరేఖ ముందు దిగుతుంది, రసాలు తీరిగ్గా వస్తాయి. ఏ రకమైనా అన్నింటికీ కబురు ఒక్కటే... డిసెంబరు, జనవరి చలిలో పూత, ఎండలు ముదిరాక కోత.

ఈ కోత దగ్గరే కాలేజీ సంగతి వస్తుంది.

పిల్లలొచ్చారు, పండు చూడలేదు

2008లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించి నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు క్యాంపస్‌లు పెట్టింది. జనం నోట్లో అది ‘ట్రిపుల్ ఐటీ’. పదో తరగతి మార్కులే అర్హత. పల్లెటూళ్ల ప్రభుత్వ బడుల్లో బాగా చదివిన పిల్లలకు పెద్దపీట. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు ఇంజినీరింగ్, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదువుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో అందుకున్న రాజ్‌రెడ్డి దానికి ఛాన్సలర్‌గా వ్యవహరించారు. తొలి బ్యాచ్‌ల పిల్లల చేతుల్లో ల్యాప్‌టాప్‌లు చూసి ఊరూవాడా ఆశ్చర్యపోయిన రోజులవి.

ఒకసారి ఆలోచించండి. పదిహేనేళ్ల పిల్ల. శ్రీకాకుళం జిల్లా నుంచో, ప్రకాశం జిల్లా నుంచో ట్రంకుపెట్టెతో దిగుతుంది. ఇంటి దగ్గర గేదెను తోలుకెళ్లింది, మిరప కోతలకెళ్లింది. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో ఆ అమ్మాయికి ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసు. ఆరేళ్ల తర్వాత క్యాంపస్ నుంచి బయటికొచ్చేటప్పుడు జావా, పైథాన్ వచ్చుంటాయి. చెట్టు సంగతి మాత్రం మర్చిపోయే అవకాశమే ఎక్కువ. అది ఆ పిల్ల తప్పు కాదు. ఆ తెలివికి మార్కులు వేసే పేపరు లేదు మరి!

ఇందులో ఓ చిత్రం ఉంది. ఏ కాలేజీ ఆవరణలోనైనా మామిడిచెట్టుకూ విద్యార్థికీ క్యాలెండర్ కుదరదు. పూత విరగబడే సమయానికి సంక్రాంతి సెలవులు. పిందె పడేసరికి పరీక్షల గొడవ. కాయ ముదిరి పండయ్యే మే నెలలో హాస్టళ్లకు తాళాలు. ఉగాదికి తోరణాలకని కొమ్మ విరిచినప్పుడూ, పచ్చడిలోకి పుల్లటి పిందె కోసం రాళ్లు విసిరినప్పుడూ తప్ప ఆ చెట్టుకూ వాళ్లకూ పలకరింపుల్లేవు. మరి పండు ఎవరు చూస్తారు? వాచ్‌మన్ చూస్తాడు. తోటమాలి చూస్తాడు. ప్రభుత్వ ఆవరణల్లో కాపును వేలం వేయడం మామూలే కాబట్టి పాట పాడుకున్న ఆసామి చూస్తాడు. ఎండుటాకులు పొయ్యిలోకి ఊడ్చుకెళ్లే ఆడవాళ్లు చూస్తారు. మేకలు, కోతులు, గబ్బిలాలు సరేసరి. ఒక చెట్టు కింద ఇంత లోకం ఉంది. డిగ్రీ చదివేవాళ్లు తప్ప అందరూ ఉన్నారు!

ఐదు గంటల అడవి

చదువులో చోటు లేక కాదు. ఎం.సి.మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠ్యాంశంగా చెప్పాలని ఆదేశించింది. దాని ఫలితంగానే 2003-04 నుంచి యూజీసీ అన్ని డిగ్రీ కోర్సులకూ ఆర్నెల్ల పర్యావరణ పాఠ్యాంశం పెట్టింది. అందులో చివరిదైన ఎనిమిదో యూనిట్ ఫీల్డ్ వర్క్. దగ్గర్లోని చెరువో, కొండో, అడవో చూసి నమోదు చెయ్యాలి. మామూలుగా కనిపించే మొక్కలు, పురుగులు, పక్షుల మీద చిన్న అధ్యయనం చెయ్యాలి. దానికి కేటాయించింది ఐదు క్లాసుల సమయం.

ఆ ఐదు గంటలూ ఎలా గడుస్తాయో డిగ్రీ చదివిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. సీనియర్ రికార్డు తెచ్చుకోవడం, బొమ్మలు అతికించడం, అట్ట వెయ్యడం, సంతకం పెట్టించుకోవడం. ఎక్కడో అమెజాన్ అడవుల ఫొటో అంటించి, కిటికీలోంచి కనిపించే చెట్టును మాత్రం చూడని రికార్డులు ఎన్ని లేవు! 2023లో యూజీసీ ఈ పాఠ్యాంశానికి కొత్త మార్గదర్శకాలిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో తెచ్చిన డిగ్రీ సిలబస్‌లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా చేర్చారు. విద్యార్థి ఊళ్లోకి వెళ్లి ఇంటింటికీ తిరిగి సర్వే చెయ్యాలి. ఐదు గంటలెక్కడ, నూట ఎనభై ఎక్కడ! మామిడి ఊళ్లో చదివే కుర్రాడు ఆ నూట ఎనభై గంటల్లో మామిడి గురించి ఏం తెలుసుకోవచ్చు?

చాలానే తెలుసుకోవచ్చు. పైగా అది ఆటగా రాసుకునే రికార్డు కాదు. రైతుకు పనికొచ్చే లెక్క.

మందు కొట్టని చెట్టు

మామిడి పూత దగ్గరికెళ్లి ముక్కు పెట్టి చూశారా? ఒక్కో కంకిలో వందలూ వేలూ చిన్న పూలుంటాయి. అన్నీ కాయలయ్యేవి కావు. ఎక్కువ పూలు మగవే. కొన్నింటిలో మాత్రమే ఆడభాగమూ ఉంటుంది, వాటిలోనే పిందె పడే అవకాశం. ఆ పడిన పిందెల్లోనూ రాలేవి రాలగా చివరికి నిలిచేవి నూటికి ఒక్కటి కూడా ఉండవు. ఆ ఒక్కటి నిలవాలంటే పుప్పొడిని మోసుకొచ్చే పురుగు కావాలి. తేనెటీగ అనుకుంటాం గానీ మామిడి దగ్గర దానికంటే ఎక్కువ కష్టపడేది ఈగ. అవును, మనం చీదరించుకునే ఈగే! ఆస్ట్రేలియా, తైవాన్‌లలో కొందరు రైతులు పూతవేళ తోటలో చేపల వ్యర్థాలు పెట్టి మరీ ఈగల్ని పిలుచుకుంటారు. వినడానికి కంపుగా ఉన్నా, తినేది తీపే కదా.

సరిగ్గా ఆ పూతవేళే తోటలో మందు కొట్టాల్సి వస్తుంది. తేనెమంచు పురుగు గుంపులుగా చేరి పూతలోని రసం పీల్చేస్తుంది. అది విసర్జించే తీపి జిగురు ఆకుల మీద పడి మసి పడుతుంది. బూడిద తెగులు వస్తుంది. ఈ మధ్య తామర పురుగుల బెడద పెరిగింది. వీటికి తోడు పూత రావడానికని వేరు దగ్గర పోసే కల్టార్. రైతు తప్పనలేం. ఏడాదికొక్క పంట, పైగా బంగినపల్లి లాంటివి ఓ ఏడు కాస్తే ఇంకో ఏడు మొండికేస్తాయి. చేతికొచ్చిన పూతను పురుగుకు వదిలేసే ధైర్యం ఎవరికుంటుంది? అయితే కొట్టిన మందు చెడ్డ పురుగునే చూసి చంపదు. ఈగ పోతుంది, తేనెటీగ పోతుంది. పురుగును తినే సాలీడు పోతుంది.

ఇక్కడే కాలేజీ చెట్టు విలువ తెలుస్తుంది. ఆవరణల్లోని పాత చెట్లకు చాలాచోట్ల ఎవరూ మందు కొట్టరు. కొట్టేంత తీరిక, ఖర్చు ఎవరికీ ఉండవు. శాస్త్రవేత్తలు ప్రయోగం చేసేటప్పుడు కొన్ని మొక్కల్ని ఏమీ చెయ్యకుండా వదిలేసి, వాటితో మిగతావి పోల్చి చూస్తారు. నూజివీడులో అలాంటి పోలిక చెట్లు పైసా ఖర్చు లేకుండా కాలేజీ గోడల లోపలే నిలబడి ఉన్నాయి. గోడ అవతల మందు కొట్టే తోట. రెండింటి దగ్గరా జనవరిలో పొద్దున పూట పావుగంట చొప్పున నిలబడి, ఒక కంకి మీద ఎన్ని ఈగలు, ఎన్ని తేనెటీగలు వాలాయో గీతలు గీసుకుంటే చాలు. మరో కంకికి దోమతెర గుడ్డ కట్టి, పురుగు వాలకపోతే పిందె పడుతుందో లేదో చూడొచ్చు. కావాల్సింది పెన్సిలు, కాగితం, గుడ్డముక్క. ఒక్క పిల్లవాడు ఒక్క ఏడు చేస్తే అది రికార్డు. పదేళ్లు వరుసగా పది బ్యాచ్‌లు చేస్తే ఏ పరిశోధన కేంద్రమూ తోసిపుచ్చలేని సమాచారం. నూజివీడులో వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం మామిడి పరిశోధన కేంద్రమూ ఉండనే ఉంది. అడిగితే చెప్పేవాళ్లకు కొదవ లేదు.

ఇదేమీ ఊహల్లోని మాట కాదు. చెట్టును అంటిపెట్టుకుని చూసే ‘సీజన్ వాచ్’ అనే కార్యక్రమం దేశమంతటా నడుస్తోంది. కేరళలో బడిపిల్లలు పెద్దసంఖ్యలో ఇందులో పాల్గొంటారు. దాని పద్ధతి ఎంత తేలికంటే... మీ దగ్గర్లో ఒక చెట్టును ఎంచుకోండి. వారానికోసారి వెళ్లి చూడండి. లేతాకు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు... ఒక్కోటీ ‘లేదు’, ‘కొద్దిగా’, ‘చాలా’ అని మూడు ముక్కల్లో రాయండి. అంతే. వాళ్ల జాబితాలో మామిడి ఉంది. పూత ఏటా ముందుకు జరుగుతోందా, వెనక్కి పోతోందా అని తోటల ఊళ్లలో రచ్చబండ మీద వాదించుకునే ప్రశ్నకు అలా తేదీలతో సహా జవాబు దొరుకుతుంది. మే నెల గడి మాత్రం వాచ్‌మన్‌ను అడిగి నింపాలి. అదీ మంచిదే. పరిశోధనలో వాచ్‌మన్ పేరు కూడా చేరుతుంది.

బదనిక కథ

పాత మామిడిచెట్టు కొమ్మల్లోకి తలెత్తి చూడండి. ఆకుల గుబురులో ఒకచోట రంగు తేడాగా, ఆకు మందంగా, గొట్టాల్లాంటి పూలతో మరేదో మొక్క వేలాడుతుంటుంది. అదే బదనిక. నేలలో వేరుండదు. మామిడి కొమ్మలోకే వేరు దించి నీళ్లు, లవణాలు లాక్కుంటుంది. పట్టించుకోకపోతే కొమ్మ ఎండిపోతుంది. తోటల్లో అయితే రైతు కొమ్మతో సహా కోసేస్తాడు. కాలేజీ చెట్టుకు ఆ దిక్కు లేదు, కాబట్టి బదనిక చూడాలంటే కాలేజీలే మేలు!

అది కొమ్మ మీదికి ఎలా ఎక్కింది? బొటనవేలంత పిట్ట ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఫ్లవర్‌పెకర్ అంటారు. మన దేశంలోని అతిచిన్న పక్షుల్లో ఒకటి. బదనిక పళ్లంటే దానికి ప్రాణం. మింగిన గింజ జిగురుగా బయటికొచ్చి దాని ఒంటికే అంటుకుంటుంది. వదిలించుకోవడానికి కొమ్మకేసి రాసుకుంటుంది. గింజ అక్కడే అతుక్కుని మొలకెత్తుతుంది. రైతు దృష్టిలో ఆ పిట్ట నేరస్థురాలు. అయితే అదే బదనిక ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక ఇంకోటుంది... రెక్కల అడుగున పసుపు, అంచుల్లో ఎరుపు చుక్కలు, దాని పేరు జెజెబెల్. బదనిక లేకపోతే దాని పిల్లలకు తిండి లేదు. ఇంకోవైపు మన ఇళ్లలో పెద్దవాళ్లకు బదనిక అంటే వేరే లెక్క. వేప బదనిక, మర్రి బదనిక అంటూ పెట్టెలో దాచుకుంటే కలిసొస్తుందన్న నమ్మకం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. ఒక మొక్క చుట్టూ రైతు కోపం, పిట్ట ఆకలి, సీతాకోకచిలుక సంసారం, నాయనమ్మ నమ్మకం... మనుషులకూ ప్రకృతికీ ఉన్న సంబంధం మీద పరిశోధన అంటే ఇంతకంటే ఏం కావాలి? ఆవరణలో ఎన్ని చెట్లకు పట్టింది, ఏ వైపు కొమ్మలకు పట్టింది, ఏడాదిలో ఎంత పాకిందో లెక్కపెట్టడానికి మెడనొప్పి తప్ప ఖర్చేమీ లేదు.

ఎర్రచీమల సంగతి కూడా ఇలాంటిదే. మామిడాకుల్ని కలిపి కుట్టేసి సంచిలాంటి గూడు కట్టే చీమలు తెలుసుగా. కాయ కోయడానికి ఎక్కినవాడి చొక్కాలో దూరితే చెట్టు మీంచి దూకేస్తాడు. ఒడిశాలో మయూర్‌భంజ్ ఆదివాసులు వీటితో చేసే పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. చైనాలో దాదాపు 1,700 ఏళ్ల కిందటే నారింజ తోటల రైతులు ఈ చీమల గూళ్లను కొనుక్కుని చెట్లకు కట్టుకునేవారట. పురుగుల్ని అవి పట్టి తినేస్తాయని. ఆస్ట్రేలియాలో డార్విన్ ప్రాంతపు మామిడి తోటల్లోనూ శాస్త్రవేత్తలు వీటితో పురుగుల్ని అదుపు చేసి చూశారు. చీమలున్న చెట్టుకు పండు ఈగ బెడద తగ్గుతుందా? మన ఎర్రనేలలో, మన రసాలకు ఇది ఎంతవరకు నిజం? చీమలున్న పది కాలేజీ చెట్లు, లేని పది చెట్లు చూసి చెప్పగలిగింది సెకండియర్ విద్యార్థే.

రాష్ట్రపక్షి దొంగతనం

రామచిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటించారు. మామిడి రైతును అడిగితే ఆ నిర్ణయం మీద రెండు మాటలు గట్టిగానే అంటాడు! పండు మొత్తం తింటే సరే అనుకోవచ్చు, నాలుగు కొరుకులు కొరికి పారేసి ఇంకోదాని మీద పడుతుందది. రాత్రి షిఫ్టు గబ్బిలాలది. పెద్ద చెట్లకు వందల సంఖ్యలో తలకిందులుగా వేలాడే పండు గబ్బిలాల్ని పాత చట్టం హానికర జంతువుల జాబితాలో పెట్టింది. ఆ జాబితానే 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ తీసేసింది. కారణం ఉంది. అవి పళ్లు తింటాయి నిజమే, కానీ చాలా చెట్ల పూలకు పరాగసంపర్కం చేసేదీ, గింజల్ని మైళ్ల దూరం మోసుకెళ్లి నాటేదీ అవే.

ఏప్రిల్, మే నెలల్లో కాకి గూడు కడుతుంది. కోకిల దానికోసమే గొంతు చించుకుంటుంది, కాకి గూట్లో గుడ్డు పెట్టాలి కదా. పరీక్షలకు చదివే పిల్లల నిద్ర చెడగొట్టేది ఆ కూతలే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది. అందులో భాగంగా 2015 నుంచి మన దేశంలో ‘క్యాంపస్ బర్డ్ కౌంట్’ పేరుతో కాలేజీల ఆవరణల్లో లెక్కిస్తున్నారు. పావుగంట చూసినా చాలు. పికిలిపిట్ట, గోరింక, గువ్వ, కాకి అని రాసినా పనికొస్తుంది. అరుదైన పక్షే కనపడాలని లేదు.

లెక్క కోర్టుకెక్కిన రోజు

ఇలా రాసిపెట్టుకుంటే ఎవరికి లాభం అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు జవాబు 2025లో హైదరాబాద్‌లో దొరికింది.

1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి అప్పట్లో కేటాయించింది సుమారు 2,300 ఎకరాలు. గుండ్రాళ్లు, కుంటలు, పొదలు, జింకలు, నెమళ్లు ఉన్న నేల. విద్యార్థులు, అధ్యాపకులు, నగరంలోని పక్షి ప్రేమికులు ఏళ్ల తరబడి కెమెరాలు, నోటుపుస్తకాలతో తిరిగి అక్కడేమున్నాయో రాసిపెట్టారు. పక్షి జాతులే రెండు వందలకు పైగా లెక్కతేలాయి. దాన్ని ఆనుకుని కంచ గచ్చిబౌలిలో ఉన్న 400 ఎకరాల్ని అభివృద్ధికి ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం పూనుకుంది. భూమి తనదేనని ప్రభుత్వం చెప్పింది. యాజమాన్యం మీద నడిచిన కేసు అంతకుముందే ప్రభుత్వానికి అనుకూలంగా తేలింది కూడా. 2025 మార్చి చివర్లో యంత్రాలు దిగాయి. రాత్రి వెలుతురులో చెట్లు కూలుతున్న దృశ్యాలు, నెమళ్ల అరుపులు ఇంటింటి ఫోన్లలోకీ వచ్చాయి. విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని పనులాపమంది. ఆ నెలలోనే, నరికిన చోట అడవిని తిరిగి ఎలా నిలబెడతారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది.

భూమి ఎవరిదన్న సంగతి కాగితాలు చెబుతాయి. ఆ భూమిలో ఏముందో చెప్పింది మాత్రం ఎక్కువగా పిల్లలు సెలవురోజుల్లో రాసుకున్న జాబితాలే. ఆ నాటికి జాబితా లేకపోతే ‘అక్కడేముంది, పొదలేగా’ అన్న మాటకు ఎదురు చెప్పడం కష్టమయ్యేది.

మరీ పాత ఉదాహరణ కావాలంటే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి బడి కోసం ఎంచుకున్న ఆ లోయ ఒకప్పుడు గుట్టలూ రాళ్లే. దశాబ్దాలుగా చెట్లు పెంచుతూ, వచ్చిన పిట్టనల్లా పిల్లలు గుర్తిస్తూ పోయారు. 1991లో లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. దక్షిణ భారతంలోని రాతిగుట్టల్లో మాత్రమే కనిపించే పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడుంది. బడి ఆవరణే ప్రయోగశాల అనడానికి అంతకంటే మంచి చోటు మన రాష్ట్రంలో కనపడదు. అయితే అది ఖరీదైన బడి. అక్కడి పిల్లలు చేయగలిగింది నూజివీడులో రైతుకూలీ పిల్లలు చేయలేరా? నిజానికి చెట్టు గురించి వీళ్లకే ఎక్కువ తెలుసు.

నూజివీడుకు తొందరా ఉంది. ఏలూరు వైపు నుంచి పామాయిల్ తోటలు పెరుగుతున్నాయి. ఆయిల్‌పామ్ పరిశోధనకు దేశంలోనే కేంద్రమైన సంస్థ ఇదే జిల్లాలోని పెదవేగిలో ఉంది. 2021లో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించాక సబ్సిడీల ఊపూ తోడైంది. మామిడిలో నష్టపోయిన రైతు నెలనెలా గెలలొచ్చే పంట వైపు చూస్తే తప్పుపట్టడానికి మనమెవరం? చిత్రమేమిటంటే ఆ తోటలో పరాగసంపర్కం చేసే ముక్కుపురుగు కూడా ఆఫ్రికాది. 1985లో మన దేశానికి తెచ్చి వదిలారు. మామిడి పూతకు వాలే ఈగను మాత్రం ఎవరూ తేలేదు, అది ఇక్కడిదే. మామిడి పోయినచోట దాంతోపాటు ఏమేం పోయాయో చెప్పాలంటే ముందు ఉన్నవేమిటో రాసి ఉండాలి. తోటలు కొట్టేసినా, ప్లాట్లయినా, కాలేజీ ఆవరణలో చెట్లు ఇంకొన్నాళ్లు నిలుస్తాయి. అదీ కొత్త బ్లాకు ప్లాను వాటి మీద పడకపోతే. చెట్టుకో నంబరు, రకం, ఎవరు నాటారన్న కబురు రాసిపెట్టి ఉంటే, ప్లాను గీసే ఇంజినీరు గీత కాస్త పక్కకు జరపడానికైనా ఆలోచిస్తాడు.

ఆ రాత పని ఎవరిదంటే, జనవరిలో సంక్రాంతికి ఇంటికెళ్లే ముందు ఒక్క పొద్దున చెట్టు కిందికి వెళ్లగలిగిన వాళ్లది. పూత అప్పటికే వచ్చి ఉంటుంది.

ఇలా వెళ్లాలి

విజయవాడ నుంచి నూజివీడు దాదాపు 45 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులు తరచూ ఉంటాయి. రైల్లో వచ్చేవాళ్లు విజయవాడలోనో, ఏలూరులోనో దిగి బస్సెక్కాలి. విమానాశ్రయం దారిలోనే గన్నవరంలో ఉంది. పూత చూడాలంటే జనవరి, పండు తినాలంటే మే. రసాలు కొనేటప్పుడు పచ్చిగా ఉన్నా పర్లేదు, ఇంటికెళ్లి వరిగడ్డిలో మాగబెట్టుకోవచ్చు. కాలేజీల్లోకి వెళ్లాలంటే గేటు దగ్గర అనుమతి అడగాలి. అడిగేటప్పుడు వాచ్‌మన్‌తో చెట్ల గురించి మాట కలపండి. పోయినేడు ఏ చెట్టు ఎంత కాసిందో ఆయనకు తెలుసు.